బావ ముక్కు, అక్క సీసా

మా బావ ముందు వాసన చూస్తాడు, తర్వాతే పలకరిస్తాడు. మనిషైనా, మంచినీళ్ళైనా, అప్పుడే వచ్చిన కరెంటు బిల్లయినా ఆయనకి ఒకటే. ముందు ముక్కు వస్తుంది, దాని వెనకాల బావ వస్తాడు. మా అక్కని మొదటిసారి చూడ్డానికి వచ్చినరోజు కూడా గుమ్మంలోనే ఆగి, గాలి ఒకసారి లాగి, "ఈ గదిలో ఎవరో బాగా భయపడుతున్నారండీ" అన్నాడట. భయపడుతున్నది ఆయనే.

ఈ సంగతులు చెప్పడానికి నాకంటే అర్హుడు లేడు. పదేళ్ళుగా ఆయన లాండ్రీలో కుడిభుజం నేనే. ఎడమభుజం కూడా నేనే, మూడోవాడు లేడు కాబట్టి. కాలేజీ రెండో ఏడాదిలో మానేశాను. నాకు చెప్పడానికి మాస్టార్ల దగ్గర ఇంకేమీ మిగల్లేదు. కాలేజీయే నన్ను మానేసిందని గిట్టనివాళ్ళు అంటారు. అననీండి. మరకలు తీయడంలో మాత్రం నన్ను మించినవాడు ఈ భూమ్మీద లేడని వాళ్ళూ ఒప్పుకుంటారు. ఆ గొప్పే కొంప ముంచింది. అక్కడికే వస్తున్నాను.

కింద లాండ్రీ, పైన ఇల్లు, మధ్యలో పద్నాలుగు మెట్లు. వంటింట్లో పని లేనప్పుడు కౌంటర్ దగ్గర అక్క కూర్చుంటుంది. బట్ట రాగానే బావ దాన్ని అందుకుని, మరక మీద నోటితో వేడిగా 'హా' అని ఊది, ముక్కు ఆనిస్తాడు. వేడి తగిలితే ఎంత పాత మరకైనా నిజం చెప్పేస్తుందట. "టీ కాదు, కాఫీ. పాలు తక్కువ. నిలబడి తాగారు" అంటాడు. నిలబడి తాగిన సంగతి ఎలా తెలిసిందని నేను ఇప్పటికీ అడగలేదు. అడిగితే చెప్తాడు, అదీ భయం.

ఒకసారి బీమా ఆఫీసాయన భార్యతో కలిసి వచ్చి కోటు ఇచ్చాడు. బావ ఊదాడు, పీల్చాడు, నోరు జారాడు. "ఆదివారాలు కూడా ఆఫీసు పనే అంటారు కదా సార్, మరి కోటుకి చేపల ఎర వాసన వస్తోందేంటి?" ఆయన మొహంలో నెత్తురు చుక్క లేదు. వాళ్ళు వెళ్ళిపోయాక బావ మొహంలోనూ లేదు. వాళ్ళ కాపురం కూలిపోయిందని మూడు రోజులు అన్నం సరిగా తినలేదు. నాలుగో రోజు ఆ కోటు తనే పట్టుకెళ్ళి తలుపు తట్టాడు. తలుపు తీసిన ఆవిడ చేతిలో గాలం ఉంది. అప్పట్నుంచి ఇద్దరూ కలిసే వెళ్తున్నారట.

ఇదంతా కొట్టు వరకే ఉన్నన్నాళ్ళు మాకు నవ్వులాటగా ఉండేది. ఏడాది కిందట ఈ వాసనల జబ్బు మెట్లెక్కి ఇంట్లోకి వచ్చింది. ఇస్త్రీ చేస్తున్నవాడు చేస్తున్నట్టే పెట్టె పక్కన పెట్టి, పద్నాలుగు మెట్లూ నాలుగు అంగల్లో ఎక్కి, వంటింటి గుమ్మంలో నిలబడి రేడియోలో వార్తల్లా చదివేవాడు. "గ్యాస్ వాసన లేదు. పాలు సాయంత్రం దాకా ఆగవు. గిన్నె అడుగంటబోతోంది. చెత్తబుట్ట పరిస్థితి విషమంగా ఉంది." చదివేసి దిగిపోయేవాడు. గంటకోసారి. చుట్టాలు వచ్చినా అంతే. నేనాయనకి 'బులెటిన్ బావ' అని పేరు పెట్టాను. వీధివీధంతా అదే పిలవడం మొదలెట్టింది. అక్క మాత్రం విసుక్కునేది. "ఏవండీ, మీ ముక్కు పుణ్యమా అని ఇంట్లో ఇంకో మనిషి ఉన్నట్టుంది. దానికీ ఓ కంచం పెట్టమంటారా?"

ఆయన నవ్వేసేవాడు. గంట తర్వాత మళ్ళీ మెట్ల చప్పుడు.

ఇక సీసా సంగతి. మా మేనత్త ఓడలో నర్సుగా పనిచేసేది. అక్క పెళ్ళికి ఎక్కడో పరాయిదేశపు రేవులో కొన్న సెంటు సీసా తెచ్చి ఇచ్చింది. బొటనవేలంత సీసా, గాజు మూత, మూత మీద చెక్కిన చిన్న పిట్ట. సెంటు ఎప్పుడో అయిపోయింది. అడుగున గోధుమరంగు పొర ఒకటి ఎండిపోయి అంటుకుని ఉండేది. వాసన మాత్రం పోలేదు. రోజూ కొట్టు కట్టేశాక అక్క కుర్చీలో కూర్చుని, మూత తీసి, కళ్ళు మూసుకుని ఒక్క నిమిషం పీల్చేది. "ఊఁ, బాగుంది" అని మూత పెట్టేసేది. పగులుతుందని ప్రయాణాల్లో తీసుకెళ్ళదు.

ఆ బుధవారం అక్క ఊళ్ళో లేదు. హాస్టల్లో ఉన్న కూతురికి పరీక్షలని వెళ్ళింది, సోమవారం వస్తుంది. నేను అలమర సర్దుతూ సీసా చూశాను. అడుగున మరక. నాలాంటివాడు మరకను చూసి ఊరుకుంటాడా? కొట్లోకి తీసుకెళ్ళి మరకల మందు పోసి, ఊపి, మూడుసార్లు కడిగాను. వజ్రంలా మెరిసింది. నా ప్రతిభకి నేనే ముచ్చటపడి బావ చేతిలో పెట్టాను.

బావ మూత తీశాడు. పీల్చాడు. 'హా' అని ఊది మళ్ళీ పీల్చాడు. ఆయన ముక్కుకి మరకల మందు కంపు తప్ప ఏమీ దొరక్కపోవడం నేను చూడ్డం అదే మొదటిసారి. ఇస్త్రీ బల్ల మీద కూర్చుండిపోయాడు. అది ఇంకా వేడిగా ఉందన్న సంగతి కూడా ఆయనకి కాసేపటికి గానీ తెలియలేదు.

"ఎన్నిసార్లు కడిగావు?"

"మూడు."

"ఒక్కసారి కడిగి వదిలేయొచ్చు కదరా."

అక్క వచ్చాక చెప్పేద్దాం, రెండు తిట్లు తిడుతుంది, నేను పడతాను, నాకు కొత్తా అన్నాను. "తిట్లయితే ఇద్దరం పంచుకునేవాళ్ళం" అన్నాడు. సీసా చొక్కా జేబులో పెట్టుకుని పైన అరచెయ్యి ఆనించాడు. సోమవారం దాకా ఆ చెయ్యి అక్కణ్ణుంచి కదల్లేదు.

గురువారం మా ఊళ్ళో ఉన్న సెంటు కొట్లన్నీ తిరిగాం. ఎక్కడికెళ్ళినా మల్లెపూలో, గంధమో, లేదంటే ఆసుపత్రి వరండానో. చివరికి ఓ ముసలి కొట్టాయన మూత మీద పిట్టను చూసి, ఇలాంటివి ఫలానా దేశపు రేవు ఊళ్ళో పాత వీధి కొట్లలోనే చేత్తో కలుపుతారు, ఇక్కడ దొరకవు అని తేల్చేశాడు. బావ ఇంటికొచ్చి అలమర తీసి మా పాస్‌పోర్టులు బయట పెట్టాడు. కిందటేడు ముగ్గురం సరదాగా ఎటైనా వెళ్దామని తీయించుకున్నవి. సరిగ్గా బయలుదేరే వారం అక్క జ్వరంతో పడింది, ప్రయాణం ఆగిపోయింది. ఆ దేశానికి వీసా అక్కర్లేకపోవడం మా పూర్వజన్మ సుకృతం. 'శని ఆదివారాలు సెలవు' అని కొట్టు తలుపు మీద బోర్డు పెట్టాం. వీధిలో జనం ఆ బోర్డును నమ్మక, దగ్గరికొచ్చి మళ్ళీ మళ్ళీ చదువుకున్నారు.

విమానంలో దుప్పటి ఇవ్వగానే బావ ముక్కుకి ఆనించి, "ఉతకలేదు, మడతపెట్టారంతే" అన్నాడు. ఆ మాటతో మా వరుసలో ఆరుగురు దుప్పట్లు తీసేసి చలికి వణుకుతూ కూర్చున్నారు. ఆరుగురన్నాను గానీ, అరవైమంది. నేను తగ్గించి చెప్తాను, అది నా బలహీనత.

శనివారం పొద్దున్నే పాత వీధికి చేరాం. వీధి అంటే రెండు గొడుగులు ఎదురెదురుగా పట్టనంత సందు. మొదటి కొట్టు మొత్తం అద్దాలు. లోపల ఆరంటే ఆరే సీసాలు, ఒక్కోదానికి ఒక్కో దీపం. నల్లబట్టల అమ్మాయి గుసగుసగా మాట్లాడుతూ కాగితం పుల్ల మీద చుక్క వేసి ఇచ్చింది. నా ఫోన్‌లో ఒకటుంది, మనం మన భాషలో చెప్తే అది వాళ్ళ భాషలో పలుకుతుంది, వాళ్ళు చెప్పింది మనకి చెప్తుంది. అసలు నేనే దుబాసీని, అది ఊరికే సాయం చేస్తుంది. ఇది 'వానలో తడిసిన గుర్రం జీను' అంది ఆ అమ్మాయి. బావ పుల్ల వాసన చూసి, తర్వాత నేల వైపు వంగి, "ఈ తివాచీకి సబ్బు సరిగా వదల్లేదమ్మా. మూలల్లో బూజు పడుతుంది" అన్నాడు. ఫోన్ ఆ మాట తు.చ. తప్పకుండా చెప్పేసింది. మమ్మల్ని గుమ్మందాకా సాగనంపారు, కొంచెం వేగంగా.

అప్పుడే నాకు తెలివి వచ్చింది. లాండ్రీవాడంటే ఈ కొట్లలో ఎవరు లెక్కచేస్తారు? రెండో కొట్టు నుంచీ నేనే ముందు దూరాను. ఈయన మా దేశంలో రాజులకి అత్తరు ఎంచే మనిషని, ఈ ముక్కు మీద బీమా ఉందని, ఈయనకి జలుబు చేస్తే ఆ కంపెనీవాళ్ళు రగ్గులు పట్టుకుని పరిగెత్తుకొస్తారని చెప్పాను. బావ నా చొక్కా లాగుతూనే ఉన్నాడు. నేను చెప్తూనే ఉన్నాను. ఆ తర్వాత మర్యాదలు చూడాలి. కుర్చీలు వేశారు. ముక్కు అలసిపోతే తేరుకోడానికని కాఫీగింజల గిన్నె ముందు పెట్టారు. ఒకచోట ఆ గింజల వాసన చూసి బావ మొహం విప్పారింది. "ఇది బాగుందిరా. ఇది ఏ సీసాలో ఉందో అడుగు" అన్నాడు.

సాయంత్రానికి తొమ్మిది కొట్లు, అరవై పుల్లలు. అన్నీ బావ జేబుల్లోనే. ఆయన నడిచి వస్తుంటే పెళ్ళివారు, అగ్నిప్రమాదం, గుర్రపుశాల కలిసి వస్తున్నట్టుంది. వీధికుక్క ఒకటి కాస్త దూరం వెంటవచ్చి, నిర్ణయించుకోలేక ఆగిపోయింది. పిట్ట బొమ్మ ఎక్కడా లేదు. బావకి ఇక రెండే పనులు. అయిదు నిమిషాలకోసారి జేబు తడుముకోవడం, గడియారం చూడ్డం. ఆయన కంగారు చూసి నేను ముందు నడుస్తూ ప్రతి కొట్టు అద్దంలోకీ తొంగి చూస్తున్నాను. కడిగింది నేను కదా.

పదో కొట్టు నేలమాళిగలో. గుండు దుకాణదారు ఏ సీసా చూపించకుండా, అసలు ఎలాంటి వాసన కావాలో చెప్పమన్నాడు. బావ కళ్ళు మూసుకున్నాడు. "గంజి పెట్టి సగం ఎండలో ఆరిన నూలుగుడ్డ. దాని మీద ఎవరో నిమ్మతొక్కని గోటితో గిచ్చారు. అంతా అయిపోయాక, చివర్లో, పెన్సిల్ చెక్కిన పొట్టు."

ఫోన్ చెప్పింది. గుండాయన సీసా అడిగి తీసుకున్నాడు. మూత మీద పిట్టని వేలితో తడిమాడు. ఇది నాది కాదు, వీధి చివర తెల్లకోటు పెద్దావిడది, ఆదివారం పదకొండు నుంచి పన్నెండు వరకే తెరుస్తుంది, నేను ఫోన్ చేసి చెప్తాను అన్నాడు. మా విమానం మూడింటికి.

ఆదివారం పదిన్నరకే ఆ గుమ్మంలో నిలబడ్డాం. కొట్టు మందుల షాపులా ఉంది. సొరుగులు, తూకం, గాజుగొట్టాలు. తెల్లకోటు పెద్దావిడకి డెబ్భై దాటి ఉంటాయి, చూపు సూదిలా ఉంది. గుండాయన నా కోతలన్నీ ఆవిడకి చేరవేశాడు, ఇంకొన్ని కలిపి. ఆవిడ నవ్వలేదు. మూడు చిన్న సీసాలు వరసగా పెట్టింది, దేనిమీదా పేరు లేదు. ఇందులో ఒకటి మీ పాత సెంటు, మా అమ్మ కలిపినది, మిగతా రెండూ నేను దానిలా కలపబోయి కుదరక వదిలేసినవి, రాజుల ముక్కు అన్నారుగా, అది ఏ సీసాలో ఉందో చెప్పండి అంది. ఒకటే అవకాశం. తప్పు చెప్తే తలుపు అటు ఉంది.

బావ మొదటి సీసా పీల్చాడు. రెండోది. మూడోది. నా వైపు తిరిగాడు.

"ఏమీ తెలియట్లేదురా."

"అంటే?"

"నిన్నటి పుల్లలన్నీ ముక్కులో కూర్చున్నాయి. దిబ్బడ."

పదకొండూ ఇరవై. కాఫీగింజలు అడగనా అన్నాను. వద్దన్నాడు. నా ఫోన్ తీసుకోలేదు గానీ, ఫోన్ పట్టుకున్న నా చేతిని తన నోటి దగ్గరికి లాక్కున్నాడు.

"అమ్మా, వీడు చెప్పినదంతా అబద్ధం. నేను బట్టలు ఉతుకుతాను, ఇస్త్రీ చేస్తాను. ఈ సీసా నా భార్యది."

ఫోన్ పలికింది. పెద్దావిడ చేతులు కట్టుకుంది. బావ ఆగలేదు.

"కిందటేడు జ్వరం వచ్చింది. జ్వరం తగ్గింది, ముక్కు పోయింది. ఏ వాసనా తెలియదు. నాకు చెప్పలేదు. ఒకరోజు పొయ్యి పక్కనే నిలబడి ఉంది, గిన్నె మాడి పొగ వచ్చేదాకా కదల్లేదు. అప్పుడు తెలిసింది నాకు. ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. రోజూ సాయంత్రం ఈ సీసా మూత తీసి చూసుకుంటుంది, తిరిగొచ్చిందేమోనని. డాక్టర్ని నేను విడిగా అడిగాను. ఒక్కోసారి తిరిగొస్తుందట, ఎప్పుడని చెప్పలేరట. వచ్చిన రోజు ఆవిడ తెరిచేది ఈ సీసానే. అందులో ఏమీ లేకపోతే, ఇంకా రాలేదనే అనుకుంటుంది కదమ్మా."

ఫోన్ ఆ మాటలు ఆడగొంతుతో నింపాదిగా, బస్టాండులో బస్సు వేళలు చెప్పినట్టు చెప్పింది. నేను ఫోన్ పట్టుకుని అలాగే నిలబడ్డాను. గ్యాస్ వాసన లేదు, పాలు సాయంత్రం దాకా ఆగవు, గిన్నె అడుగంటబోతోంది. పద్నాలుగు మెట్లు, గంటకోసారి, ఏడాదిపాటు. దానికి నేను పేరు పెట్టాను, వీధంతా నవ్వించాను.

పెద్దావిడ ఖాళీ సీసా తీసి వాసన చూసి మొహం చిట్లించింది. దీన్ని ఎవరు కడిగారు అంది.

"నేనే" అన్నాడు బావ.

పుట్టి బుద్ధెరిగాక నా నోట మాట రాకపోవడం అదే మొదలు.

ఆవిడ గడియారం తీసి సొరుగులో పెట్టేసి, తాపీగా చూడమంది. బావ జేబురుమాలు తీశాడు. అది మా కొట్లో నేనే గంజి పెట్టినది. మూడు మూలల మీద మూడు చుక్కలు వేసి, మరకల మీద చేసినట్టే, ఒక్కోదాని మీద వేడిగా ఊది ముక్కు ఆనించాడు. మొదటిది పక్కన పెట్టాడు. రెండో మూల దగ్గర ఆగాడు. మళ్ళీ ఊదాడు. మెడ కాస్త పక్కకి వాలింది.

"పెన్సిల్ పొట్టు" అన్నాడు.

ఆవిడ మొదటిసారి నవ్వింది. సీసాని స్పిరిట్‌తో రెండుసార్లు కడిగి, తల్లి కలిపిన సెంటు గాజుగొట్టంతో నింపింది. కానీ మూత అడుగున గరుకు గాజులోకి మీ మరకల మందు బాగా దిగింది, ఆ కంపు కొన్నాళ్ళు వస్తుంది, ఏం చేయలేను అని చెప్పింది. మేం దణ్ణాలు పెట్టి బయలుదేరబోతుంటే బావ గుమ్మంలో ఆగి, ఆవిడ కోటు చేతి వైపు ముక్కు చాపాడు. "ఈ మరక మూడేళ్ళది. కోటు ఇవ్వమను, పది నిమిషాలు" అన్నాడు. విమానం అన్నాను. "మరక అలా వదిలేసి ఎలా వెళ్తాంరా" అన్నాడు. మరక పోయింది, విమానం పోలేదు. తలుపు మూస్తుండగా దూరాం. ఆ పరుగుకి నాకు పతకం రావాల్సింది.

సోమవారం సాయంత్రం అక్క కుర్చీలో కూర్చుని మూత తీసింది. మేమిద్దరం ఊపిరి బిగబట్టి, ఉతకని చొక్కాలని ఉతికిన చొక్కాల్లో కలిపేస్తున్నాం. కళ్ళు మూసుకుంది. పీల్చింది. "ఊఁ, బాగుంది" అని మూత పెట్టేసింది. రోజూ లాగే. సీసా నిండుగా ఎందుకుందని కూడా అడగలేదు. ఆ కళ్ళు అప్పటికే వేరే పని వైపు తిరిగాయి, త్వరత్వరగా.

మర్నాటి నుంచి మెట్లు నేనూ ఎక్కడం మొదలెట్టాను. బావ గంటకోసారి, నేను అరగంటకోసారి. ముక్కులో నేను ఆయన కాలిగోటికి చాలనుగానీ, గొంతులో నాకు సాటి లేదు. "అక్కా, పాల పరిస్థితి నిలకడగా ఉంది." ఇద్దరికీ పిచ్చి పట్టిందని అక్క చుట్టాలందరికీ ఫోన్లు చేసి చెప్పింది.

మూడు నెలలు గడిచాయి. ఒక సాయంత్రం అక్క మూత తీసింది, పీల్చింది, దగ్గింది. మొహం ముడుచుకుపోయింది.

"ఛీ. ఇదేంటి, మరకల మందు కంపు కొడుతోంది. దీన్ని ఎవరు కడిగారు?"

ఇస్త్రీ పెట్టె బావ చేతిలో అలాగే ఆగిపోయింది. కింద ఎవరిదో తెల్లచొక్కా. నేను నోరు తెరిచాను. ఈసారైనా చెప్పాలనే తెరిచాను, నమ్మండి.

"నేనే" అన్నాడు బావ.

అక్క అందుకుంది. పాతికేళ్ళ సీసా అని, కనిపించినదల్లా కడిగేయడమేనా అని, రేపు నన్ను కూడా నానబెట్టి ఉతుకుతారా అని. బావ ఇంతింత కళ్ళేసుకుని వింటున్నాడు. ఒక్కో తిట్టుకీ మొహం ఇంకాస్త వెలుగుతోంది. ఆ కింది చొక్కా పొగలు కక్కుతోంది.

అక్క మాట మధ్యలో ఆగిపోయింది. ముక్కు ఎగరేసింది. మెల్లగా, ఆ మాట తనే నమ్మనట్టు అంది.

"ఏవండీ. చొక్కా మాడుతోంది."

ఆ చొక్కా బీమా ఆఫీసాయనది. ఆయనకి కొత్తది కొనిచ్చాం. మాడినదాన్ని బావ మడతపెట్టి అలమరలో, సీసా పక్కన దాచుకున్నాడు.

మా బావ ఇప్పటికీ ఏది వచ్చినా ముందు ముక్కు దగ్గర పెట్టుకుంటాడు. కాకపోతే వెంటనే మొహం వేలాడేసి, కౌంటర్ వైపు నడుస్తాడు. బట్ట అక్క చేతిలో పెట్టి, "నాకు దిబ్బడగా ఉంది, ఏమీ తెలియట్లేదు. నువ్వు చూసి చెప్పు" అంటాడు.

ఏడాది పొడుగునా దిబ్బడే. అబద్ధం చెప్పడంలో కూడా ఆయన నన్ను మించిపోయాడు, అదొక్కటే నా బాధ.